చీకటి గదిలో దిద్దుకున్న తప్పులు

ఎకో గది చీకట్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. మైట్రల్ కవాటం లీకు ఎంతుందో తేల్చడం నాకు కొట్టినపిండి అనుకున్న రోజుల్లోనే పెద్ద పొరపాట్లు చేశాను. కొత్తగా ప్రోబ్ పట్టుకున్న పిల్లలు వాటిని మళ్లీ చేయకూడదని ఇది రాస్తున్నాను.

1. తెర మీది రంగు రక్తం కాదు.

కలర్ డాప్లర్ చూపేది వేగాన్నే. పొలం పనికి వెళ్లే ఒకావిడకు కవాటం రెక్క ఒకటి కర్ణికలోకి జారింది. లీకు ధార కర్ణిక గోడను కరుచుకుని పోవడంతో తెర మీద సన్నటి గీతలా కనిపించింది. ‘మైల్డ్’ అని రాసేశాను. ఏడాది తిరక్కుండానే ఆయాసంతో తిరిగొచ్చింది. గోడవారగా పోయే ధార ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది. అప్పటినుంచి ధార ఎంత దూరం పరుచుకుందని కాక, కవాటం దాటగానే దాని మెడ ఎంత వెడల్పుందో చూస్తున్నాను. 3 మిల్లీమీటర్ల లోపైతే స్వల్పం. 7, ఆపైన ఉంటే తీవ్రం.

2. బీపీ రాయని రిపోర్టు సగం రిపోర్టే.

బైపాస్ ఆపరేషన్ జరుగుతున్న ఒక పెద్దాయనకు థియేటర్లో గొంతులోంచి ఎకో చేశాను. ముందురోజు గట్టిగా ఉన్న లీకు ఆరోజు కొద్దిగానే కనిపించింది. ‘కవాటం జోలికి వెళ్లక్కర్లేదు’ అన్నాను. మత్తుమందుకు బీపీ పడిందనీ, దాంతోపాటే లీకూ తగ్గిందనీ ఆలోచించలేదు. ఆయనకు మెలకువ వచ్చింది, లీకూ తిరిగొచ్చింది.

3. ఒక్క అంకె మీద తీర్పు చెప్పకండి.

కన్నం వైశాల్యం 0.4 చదరపు సెంటీమీటర్లు, కొట్టుకున్న ప్రతిసారీ వెనక్కి పోయే రక్తం 60 మిల్లీలీటర్లు ఉంటే తీవ్రమైన లీకని చదువుకున్నాం. ఒక కుర్రాడికి కన్నం అంతే వచ్చింది, ఆపరేషన్ అన్నాను. వాళ్ల నాన్న పొలం బేరం పెట్టాడు. మా సీనియర్ ఆ దృశ్యాన్నే నెమ్మదిగా తిప్పి చూపించారు. గుండె ముడుచుకునే చివరి సగంలోనే లీకుంది. నేను ఒక్క ఫ్రేములో కొలిచి మొత్తానికి అంటగట్టాను. కర్ణిక, జఠరిక పెరగనేలేదు. అది చూసైనా నాకు అనుమానం రావలసింది.

4. ఈఎఫ్ బాగుందని ధీమా ఇవ్వకండి.

లీకున్న జఠరిక తన రక్తంలో కొంత తేలిగ్గా కర్ణికలోకి తోసేస్తుంది. అందుకే దాని బలం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఒక మాస్టారికి రెక్కను పట్టే తీగ తెగి తీవ్రమైన లీకు. ఈఎఫ్ 58. ‘ఆయాసం లేదు కదా, ఏడాదాగి రండి’ అన్నాను. కవాటమే చెడి తీవ్రంగా లీకైనప్పుడు, ఈఎఫ్ 60కి దిగినా, ముడుచుకున్న జఠరిక కొలత 40 మిల్లీమీటర్లకు చేరినా, ఆయాసం లేకున్నా సర్జన్‌కు చూపించాలి. తర్వాత ఆపరేషన్‌తో కవాటం బాగుపడింది, కండరం బాగుపడలేదు. ఆ ఏడాదిని ఆయనకు తిరిగివ్వలేను.

5. తెర ఒకటి, మనిషి ఒకటి చెబితే మనిషినే నమ్మండి.

గుండెపోటు తర్వాత కవాటాన్ని పట్టి ఉంచే కండరం తెగితే కర్ణికలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. రంగు అంతగా పడదు, స్టెతస్కోపులో చప్పుడూ వినపడకపోవచ్చు. అలాంటి ఒకాయన ఊపిరాడక లేచి కూర్చుంటుంటే, నేను రంగు కోసం తెరలో వెతుకుతూ కూర్చున్నాను.

సంతకం పెట్టే ముందు లైటు వేసి, ‘మెట్లెక్కితే ఎలా ఉంటోంది?’ అని ఒక్క మాట అడగండి.