రిపోర్టు బాగుంటే కొలెస్ట్రాల్ మాత్ర మానవచ్చా?

"రిపోర్టు నార్మల్ వచ్చిందండీ, అందుకే మాత్ర ఆపేశాం." వేదాద్రి, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల నుండి రోగులను తీసుకువచ్చే కుటుంబ సభ్యుల నోట ఈ మాట తరచు వినిపిస్తుంది. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. కాని దీనివల్ల జరిగే నష్టం పెద్దది. అందుచేత ఈ పాఠాన్ని రోగి ఒక్కరే కాక ఇంట్లో అందరూ చదవవలెను.

కొలెస్ట్రాల్ అంటే ఏమిటి?

కొలెస్ట్రాల్ మైనం వంటి కొవ్వు పదార్థం. ఇది శరీరానికి అవసరమే. దీనిలో ఎక్కువ భాగాన్ని మన కాలేయమే తయారు చేస్తుంది, కొంత భాగం ఆహారం ద్వారా వస్తుంది. దీనిని రక్తనాళాలలోనికి చేర్చేది ఎల్.డి.ఎల్., అంటే చెడు కొలెస్ట్రాల్. మిగిలిన దానిని తిరిగి కాలేయానికి చేర్చేది హెచ్.డి.ఎల్., అంటే మంచి కొలెస్ట్రాల్.

బోరు నీళ్ళ పైపులో ఏళ్ళ తరబడి సున్నం పేరుకున్నట్లు, చెడు కొలెస్ట్రాల్ రక్తనాళాల గోడలలో పేరుకుంటుంది. ఒకనాడు ఆ కొవ్వు పొర చిట్లి, దానిమీద రక్తం గడ్డకడితే గుండెపోటుగాని పక్షవాతంగాని వస్తుంది. అంతవరకు నొప్పి ఉండదు, నీరసం ఉండదు. సన్నగా ఉన్నవారికి, పొలం పని చేసేవారికి కూడా ఇది రావచ్చును.

ఇది పట్నం జబ్బు అనుకోవద్దు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003-04 ప్రాంతంలో సంభవించిన మరణాలను పరిశీలించగా, వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే జరిగినట్లు తేలింది.

రిపోర్టులో ఏమి చూడాలి?

సాధారణంగా డెసిలీటరు రక్తంలో ఇలా ఉండాలి:

మొత్తం కొలెస్ట్రాల్: 200 మిల్లీగ్రాముల లోపు
ఎల్.డి.ఎల్.: 100 లోపు
హెచ్.డి.ఎల్.: పురుషులకు 40, స్త్రీలకు 50 పైన
ట్రైగ్లిజరైడ్లు: 150 లోపు

గుండెపోటు వచ్చినవారికి ఎల్.డి.ఎల్. 70 కంటే తక్కువ, కొందరికి ఇంకా తక్కువ ఉండాలి. కనుక కాగితం మీద "నార్మల్" అని ఉన్నా మీ రోగికి అది చాలకపోవచ్చు.

మాత్ర ఎందుకు ఆపకూడదు?

స్టాటిన్ మాత్రలు కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తాయి. మాత్ర మానితే కొద్ది వారాలలోనే తయారీ మళ్ళీ మొదటికి వస్తుంది. రిపోర్టు బాగుందంటే మాత్ర పని చేస్తున్నదని అర్థం, జబ్బు పోయిందని కాదు. కండరాల నొప్పులు ఎక్కువైనా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే డాక్టరుకు చెప్పండి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో వారు చేస్తారు. గర్భిణులు, గర్భం కోరుకునే స్త్రీలు ముందుగానే తెలియజేయాలి. పరగడుపున వెల్లుల్లి తిన్నా అది మాత్రకు బదులు కాదు.

వంటింట్లో ఏమి చేయాలి?

1. రోగికి వేరే వంట, మిగతావారికి వేరే వంట అయితే ఎక్కువ రోజులు సాగదు. ఇల్లంతా ఒకే వంట తినండి.

2. నూనె కొలిచి వాడండి. మనిషికి నెలకు అర లీటరు చొప్పున, నలుగురికి 2 లీటర్లు సరిపోతుంది. ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని చూసి మోసపోవద్దు. ఏ గింజల నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. కాని పామాయిల్, డాల్డాలలోని కొవ్వు ఎల్.డి.ఎల్.ను పెంచుతుంది.

3. పునుగులు, బజ్జీలు, పూరీలు, కాగిన నూనెలో మళ్ళీ వేయించినవి తగ్గించండి. కొవ్వున్న వేటమాంసం, కార్జం, మెదడు బదులు చేపల పులుసు మేలు. చేపను వేపుడు చేస్తే ఆ మేలు తగ్గిపోతుంది.

4. జొన్న రొట్టె, పప్పు, ఆకుకూరలు, చిక్కుడు, బెండ, జామకాయ వంటి పీచు ఉన్న ఆహారం రోజూ పెట్టండి.

5. చుట్ట, బీడీ, సిగరెట్టు పూర్తిగా మానిపించండి. రోజుకు అరగంట చొప్పున వారానికి 5 రోజులు నడిపించండి, వీలైతే మీరూ తోడు నడవండి.

మీరూ పరీక్ష చేయించుకోండి

కొన్ని కుటుంబాలలో అధిక కొలెస్ట్రాల్ వంశపారంపర్యంగా వస్తుంది. చిన్న వయసులోనే ఇంట్లో ఎవరికైనా గుండెపోటు వచ్చి ఉంటే, వారి పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు తప్పక రక్తపరీక్ష చేయించుకోవాలి.

గుర్తుంచుకోండి

ఛాతీలో బరువు, ఎడమ చేతికిగాని దవడకుగాని పాకే నొప్పి, చెమటలు, ఆయాసం కనిపిస్తే గ్యాస్ అనుకొని తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. మాత్ర అయిపోవడానికి వారం ముందే చీటీ వెంట తీసుకొని రండి. డాక్టరు ఆపమని చెప్పేవరకు ఆ మాత్ర రోజూ వేయించే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకోవలెను.