కోడిపిల్లలు ఏల చచ్చుచున్నవి?

మొన్నటి సంక్రాంతి సెలవుల తరువాత పాఠశాల తెరచిన దినమున తొమ్మిదవ తరగతి బాలిక యొకతె నాయొద్దకు వచ్చి, “మాస్టరుగారూ, దిష్టి తగిలినచో కోడిపిల్లలు చచ్చునా?” అని యడిగినది. వారి యింట పదునాలుగు పిల్లలుండెను. సాయంకాలము నూకలు తిని గంప క్రిందికి చేరినవి. తెల్లవారి గంప యెత్తగా నాలుగు చచ్చి యుండెను. మరునాటికి మరి యేడు పోయినవి. ముందటి దినమున పొరుగింటావిడ వచ్చి పిల్లలను వ్రేలితో లెక్కపెట్టినదట. అందువలననే ఇట్లయినదని అవ్వ నిశ్చయించినది. నాటినుండి రెండిండ్లకును మాటలు లేవు. ఆ పెట్ట పెట్టిన గ్రుడ్ల సొమ్ముతోనే ఈ బాలికకు నోటుపుస్తకములు వచ్చుచుండెను.

నేను మూడు సంగతులడిగితిని. పిల్లల వయస్సెంత? రెట్ట యే రంగున నుండెను? రాత్రి యెక్కడ పండుకొన్నవి? ఆమె చెప్పినదేమనగా: పిల్లలకు అయిదవ వారము నడచుచున్నది, రెట్టలో నెత్తురు కనబడినది, చలికి ఓర్వలేవని గంప క్రింద గోనెపట్ట పఱచి, నీళ్లచిప్పను గూడ అందే యుంచిరి. కారణము ఈ మూడు సమాధానములలోనే యున్నది. కాని దానిని గుర్తింపవలెనన్న పిల్ల పుట్టినది మొదలు ఏ వయస్సున ఏ యాపద వచ్చునో తెలిసి యుండవలెను.

గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల కడుపులో పచ్చసొన కొంత మిగిలి యుండును. దానితో అది రెండు మూడు దినములు మేత లేకయే బ్రతుకగలదు. చలికి మాత్రము తాళలేదు. తన శరీరపు వేడిని తాను నిలుపుకొను శక్తి దానికి మొదటి రెండు మూడు వారములలో చాలదు. మన హోసూరు ప్రాంతము సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున నున్నందున మార్గశిర పుష్యమాసముల రాత్రులు మిక్కిలి చల్లగా నుండును. తల్లికోడి యున్నచో భయము లేదు. సంతలో రంగులద్ది అమ్మునట్టి తల్లి లేని పిల్లలను కొని తెచ్చిన యింటనే ఈ మరణములు ఎక్కువ. అట్టి పిల్లలకు మొదటి వారమున సుమారు 35 డిగ్రీల వేడి కావలెను. తరువాత వారమునకు మూడేసి డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును. ఉష్ణమాపకము లేకున్నను చింతలేదు. పిల్లలు దీపము క్రింద ఒకదానిపై నొకటి ఎక్కి కుప్పగా నున్నచో చలి. దూరముగా పోయి నోరు తెరచి రొప్పుచున్నచో వేడి యెక్కువ. అంతటను చెదరి తిరుగుచున్నచో సరిపోయినది. కుప్పగా చేరినప్పుడు అడుగున బడిన పిల్లలు ఊపిరాడక చచ్చును. తెల్లవారి చూచువారికి అది మహమ్మారి వలె కనబడును.

మొదటి మూడు వారములలోనే వచ్చు మరియొకటి తెల్లపారుడు. సున్నపు తేటవంటి రెట్ట వెనుకభాగమున అంటి గట్టిపడును. పిల్ల ముడుచుకొని కిచకిచలాడుచు ప్రాణము విడుచును. దీనికి కారణమైన సూక్ష్మజీవి తల్లికోడి అండాశయమున దాగి, గ్రుడ్డుతోనే పిల్లకు సంక్రమించును. తల్లి చూచుటకు ఆరోగ్యముగనే యుండును. కావున ఒకమారు ఇట్లు పిల్లలు పోయిన పెట్ట గ్రుడ్లను మరల పొదుగునకు పెట్టరాదు.

ఇక మూడు మొదలు ఆరు వారముల వయస్సున వచ్చునది రక్తపారుడు. ఆ బాలిక యింట వచ్చినది ఇదియే. కాక్సీడియా యను ఏకకణజీవులు పేగులలో చేరి లోపలి పొరను కొరికివేయును. వాని బీజములు రెట్టతో బయటపడును. అప్పుడే పడిన బీజమువలన హాని లేదు. తడియు, వెచ్చదనమును దొరకినచో ఒకటి రెండు దినములలో అది ముదిరి, మేతతో మరియొక పిల్ల కడుపులోనికి పోవును. వెచ్చదనమునకు పఱచిన గోనెయే చిప్పనుండి ఒలికిన నీటితో తడిసి ఆ బీజములకు పొదుగుపట్టయైనది! ప్రేమతో చేసిన పనియే యిట్లు పరిణమించినదని వినగానే ఆ బాలిక కన్నీరు పెట్టుకొన్నది. నేను మరికొంత మెల్లగా చెప్పవలసి యుండెను. గోనెకు మారుగా వరిఊక రెండంగుళముల మందమున పఱచి దినదినము కలియబెట్టుచు, తడిసిన భాగమును ఎత్తివేయుచు, నీళ్లచిప్పను గంప వెలుపల నుంచినచో చాలును. పశువైద్యుని అడిగినచో నీటిలో కలుపు మందిచ్చును. రక్తము కనబడిన దినముననే యిచ్చినయెడల పెక్కు పిల్లలు దక్కును.

బూజు పట్టిన వేరుశనగ చెక్కను పిల్లలకు పెట్టుట యింకొక పొరపాటు. 1960లో ఇంగ్లండునందు లక్షకు పైగా టర్కీకోడి పిల్లలు అకస్మాత్తుగా చచ్చినప్పుడు పరిశోధించి చూడగా, వాని మేతలోని వేరుశనగ చెక్కకు పట్టిన బూజు విషమే కారణమని తేలినది. మన ఇండ్లలో పారవేయుటకు మనసొప్పక కోళ్లకు వేయునది ఆ చెక్కయే గదా!

అన్నిటికంటె భయంకరమైనది కొక్కెర తెగులు. దీనికి వయస్సు నియమము లేదు. పిల్లలను, పెట్టలను, పుంజులను ఒక్కమారే తుడిచిపెట్టును. నోరు తెరచి గురకపెట్టుట, ఆకుపచ్చయు తెలుపును కలిసిన నీళ్ల రెట్ట, మెడ మెలిదిరుగుట, కాళ్లు పడిపోవుట దీని గుర్తులు. ఒక్కొక్కప్పుడు ఏ గుర్తును లేకయే చచ్చును. 1926లో జావా ద్వీపమునందును, ఇంగ్లండులోని న్యూకాసిలునందును దీనిని గుర్తించిరి. 1928 నాటికి కుమావూ కొండలలోని రాణిఖేతున కనబడినందున మన దేశమున దీనికి రాణిఖేతు వ్యాధియని పేరు వచ్చినది. చిత్రమేమనగా, దీనికి టీకా సిద్ధపరచిన ముక్తేశ్వరపు పశువైద్య పరిశోధనాలయము గూడ ఆ కొండలలోనిదే.

ఇచ్చట మనవంటి వారికి ఒక చిక్కు కలదు. తమిళమున రాణిఖేతు వ్యాధిని వెళ్లైక్కళిచ్చల్ అందురు. ఆ మాటను తెలుగు చేసినచో తెల్లపారుడు అగును. కాని తెలుగు పుస్తకములలో తెల్లపారుడనగా పైన చెప్పిన చిన్నపిల్లల వ్యాధి. రాణిఖేతునకు పేరు కొక్కెర. ఇంటిలో తెలుగును, ఆసుపత్రిలో తమిళమును మాటలాడు మనము పేరు మాత్రమే చెప్పినచో ఒకదానికి బదులు మరియొకదాని సలహా పొందుదుము. కావున పేరు చెప్పక గుర్తులు చెప్పుడు: మెడ తిరిగినదా, గురక యున్నదా, పెద్దకోళ్లు గూడ చచ్చినవా యని. చచ్చిన పిల్లను సంచిలో నుంచి తీసికొనిపోయి చూపుట ఇంకను మేలు.

కొక్కెర సోకిన పిమ్మట మందు లేదు. ముందుగా టీకా వేయించుటయే గతి. పుట్టిన మొదటి వారమున కంటిలోగాని ముక్కులోగాని ఒక చుక్క వేయుదురు. నాలుగు వారములకు మరల చుక్క. ఎనిమిదవ వారమున సూదిటీకా. ఈ సూదిటీకా బలమైనది. దానిని పసిపిల్లలకు వేసినచో టీకాయే ప్రాణము తీయవచ్చును. టీకా సీసా మంచులోనే యుండవలెను. కలిపిన తరువాత గంట రెండు గంటలలో ముగింపవలెను. ఒక్క సీసా నూరు పిల్లలకో అంతకెక్కువకో సరిపోవును. పండ్రెండు పిల్లలున్న యింటివారు ఒంటరిగా సీసా తెప్పించుట యెట్లు? వీధివారందరు ఒకే దినమున కూడినగాని కుదరదు.

నా చిన్నతనమున మా యింట కోళ్లు చచ్చినప్పుడు వానిని నేనే తట్టలో మోసికొనిపోయి పెరటి వెనుక కాలువలో పారవేసితిని. జబ్బుగా నున్న రెండు పెట్టలను మావారు సంతలో అమ్మిరి. పది దినములు తిరుగకముందే కాలువ దిగువనున్న ఇండ్లలో ఒక్క కోడియు మిగులలేదు. అందులో ఒక యింటి ముసలమ్మకు ఆ కోళ్లు తప్ప వేరు జీవనము లేదు. ఆమె మా యింటికి వచ్చి, మాకును అట్లే జరిగినదని విని మమ్ములనే ఓదార్చి పోయినది. చచ్చిన కోడిని మూడడుగుల గోతిలో సున్నము చల్లి పూడ్చి చేతులు సబ్బుతో కడుగుకొనవలెనని నాకప్పుడు చెప్పినవారు లేరు.

ఆ బాలిక యింట మూడు పిల్లలు దక్కినవి. గత వారము ఆమె టీకా సీసా కొరకు ఇల్లిల్లు తిరిగినది. మొదట పోయినది వ్రేలితో లెక్కపెట్టిన పొరుగింటికే. ఏ యింట ఎన్ని పిల్లలు ఏనాడు పొదిగినవో నోటుపుస్తకపు కడపటి పుటలో వ్రాసికొనుచున్నది. నిన్నటికి అరువది మూడు.