సెగవ్యాధి (గనేరియా): భార్యాభర్తలిద్దరూ చేయించుకోవలసిన వైద్యం

"వేడి చేసిందండి. వారం నుంచి సబ్జా నీళ్లు తాగుతున్నా తగ్గటం లేదు."

కొల్లేరు చెరువుల నుంచి హౌరాకు చేపల లోడు తోలివచ్చిన ఒక డ్రైవరు మాతో అన్న మాట ఇది. మూత్రం మండితే మన ఊళ్లలో అందరూ అనే మాటే. మజ్జిగ, ముంజలు, బార్లీ నీళ్లు మంచివే. కాని మంటతోపాటు చీము కూడా పడుతుంటే అది వేడి కాదు. పెద్దవాళ్లు సెగవ్యాధి అనే గనేరియా కావచ్చు.

ఇది ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చే సుఖవ్యాధి. ఆ క్రిమిని 1879లో ఆల్బర్ట్ నైసర్ అనే జర్మన్ వైద్యుడు కనిపెట్టాడు. వ్యాధి ఉన్నవారితో లైంగికంగా కలిస్తే అంటుతుంది. చెరువులో స్నానం చేస్తే రాదు, ఒకే మంచం మీద కూర్చుంటే రాదు. డ్రైవర్ల జబ్బని వారి మీదకు నెట్టడమూ తప్పే. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తాలు మోసేవారికైనా, ఏలూరులో కుర్చీలో కూర్చుని పనిచేసేవారికైనా ఒకేలా సోకుతుంది. 2020లో ప్రపంచంలో 8 కోట్లమందికి పైగా కొత్తగా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మగవారికి సాధారణంగా వారం లోపలే మంట, చీము కనబడతాయి. ఆడవారి సంగతి వేరు. చాలామందికి ఏ బాధా తెలియదు. కొందరికి తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి ఉంటాయి. (తెల్లబట్టకు వేరే కారణాలూ ఉన్నాయి. పరీక్ష చేస్తేనే తేలుతుంది.) ఆ డ్రైవరు భార్యను పిలిపిస్తే, "నాకే నొప్పీ లేదు, నాకెందుకండీ మందు?" అంది. చిక్కంతా ఇక్కడే ఉంది. నొప్పి లేకుండానే వ్యాధి గర్భసంచిలోకి, అక్కడినుంచి గర్భనాళాలలోకి పాకుతుంది. నాళాలు పూడుకుపోతే బిడ్డలు పుట్టకపోవచ్చు, లేదా గర్భం నాళంలోనే నిలిచి ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు "గొడ్రాలు" అన్న మాట పడేది ఆమె. ఇంట్లోకి జబ్బు ఎలా వచ్చిందని అడిగేవారుండరు. కాన్పు సమయంలో తల్లికి ఈ వ్యాధి ఉంటే బిడ్డ కళ్లకు అంటి, చీము పట్టి, చూపు పోయే ప్రమాదం కూడా ఉంది.

గనేరియా నయమవుతుంది. అయితే పూడిన నాళాలను మందు తెరవలేదు, కాబట్టి ఆలస్యం పనికిరాదు. ఒకప్పుడు పెన్సిలిన్ సూదితో తగ్గేది. క్రిములు దానికి లొంగటం మానేశాయి. అందుచేత మందుల షాపులో అడిగి రెండు బిళ్లలు మింగి ఊరుకోకండి. మంట తగ్గినా జబ్బు లోపల ఉండవచ్చు. మందు డాక్టరే నిర్ణయించాలి. ఒక్కరే వాడితే మిగిలినవారి నుంచి మళ్లీ అంటుకుంటుంది. ఇద్దరూ ఒకేసారి వాడి, ఆ తరువాత వారం రోజులు కలవకుండా ఉండాలి. హెచ్.ఐ.వి., సవాయి పరీక్షలు కూడా చేయించుకోవటం మంచిది.

"నాకు ఆపరేషన్ అయింది కదా, ఇంకేం భయం?" అంటారు కొందరు. ఆపరేషన్, మాత్రలు, కాపర్-టి గర్భాన్ని ఆపుతాయి, సుఖవ్యాధిని ఆపవు. ఆ రెంటికీ పనికివచ్చేది నిరోధ్ ఒక్కటే, అదీ ప్రతిసారీ వాడితేనే. గనేరియా ఉన్నప్పుడు కాపర్-టి వేయరు, ముందు జబ్బు నయం చేస్తారు. కనుక తెల్లబట్ట, నొప్పి ఉంటే సిగ్గుపడకుండా నర్సమ్మకు చెప్పండి.

పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలోని సురక్ష క్లినిక్‌లలో పరీక్ష, మందులు ఉచితం. మీ సంగతి బయటకు పొక్కనివ్వరు. ఆ డ్రైవరు, భార్య చివరకు ఇద్దరూ మందు వేసుకున్నారు. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు మేము కాదు, అతనే చెప్పాడు.