లీజు కాగితం చూపించని ఏజెంటు

డాలస్ చుట్టుపక్కల అద్దెకివ్వడానికని ఇళ్లు కొంటున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉద్యోగం పోతే ఓ ఆసరా ఉంటుందని, పిల్లల కాలేజీ చదువుకని, రిటైరయ్యాక చేతిలో నాలుగు డబ్బులాడతాయని. మా ఆవిడా నేనూ ఆ దారినే నడిచాం. కొన్నవీ, అమ్మినవీ, కొందామనుకుని వదిలేసినవీ కలిపి ఇన్నేళ్లలో ఎంతోమంది ఏజెంట్లతో పనిపడింది. వాళ్లలో మంచివాళ్లే ఎక్కువ. కానీ ఈమధ్య ఒక ఇంటి విషయంలో అమ్మకందారు తరఫు ఏజెంటు పెట్టిన తిప్పలు చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను. మేం వదిలేసిన ఆ ఇంటిని రేపు చూడబోయేది మన పిల్లల్లోనే ఎవరో కావచ్చు.

1. అమ్మకందారు ఏజెంటు అమ్మకందారుకే పనిచేస్తాడు. బోర్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే, మన తెలుగబ్బాయే. "అంకుల్, మీకు వేరే ఏజెంటెందుకు? పేపర్లన్నీ నేనే చూసుకుంటా, కమీషన్ మిగులుతుంది" అన్నాడు. మనవాడన్న అభిమానం వేరు, బేరం వేరు. టెక్సాస్‌లో ఒకే బ్రోకరు ఇద్దరి తరఫునా ఉండాలంటే ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అప్పుడతను ఎవరి పక్షమూ వహించకూడని మధ్యవర్తి అవుతాడు. ఓనరు ఇంకా తగ్గడానికి సిద్ధంగా ఉన్నా, ఆయన రాసిస్తే తప్ప ఆ సంగతి మీకు చెప్పకూడదు. అలాంటి మనిషి సలహా మీకెందుకు? మీ ఏజెంటును మీరు పెట్టుకోండి. 2024 ఆగస్టు 17 నుంచి రియల్టర్ల సంఘం నియమం మారింది కాబట్టి, ఇల్లు చూడ్డానికి వెళ్లకముందే మీ ఏజెంటుతో ఫీజు ఎంతో కాగితం మీద రాసుకోవాలి. ఆ ఫీజు దండగ కాదు.

2. ఇంటి మీద అద్దె ఎంతొస్తోందో లిస్టింగును చూసి నమ్మకండి, లీజు చూసి నమ్మండి. ఆ లిస్టింగులో అద్దె నెలకు 2,400 డాలర్లని ఉంది. లీజు కాపీ పంపమని మా ఏజెంటు అడిగింది. పంపుతానన్నాడు. మళ్లీ అడిగితే ఓనరు ఊళ్లో లేరన్నాడు. ఆ తర్వాత "ముందు ఆఫర్ ఇవ్వండి, కాంట్రాక్టు కాగానే ఇస్తా" అన్నాడు. కాంట్రాక్టయ్యాక టెనెంట్ ప్రైవసీ అడ్డొచ్చింది.

ఇది నాకు ఎంతమాత్రం మింగుడుపడని విషయం. టెనెంట్ ఉన్న ఇంటిని అమ్మేవాళ్లు మొట్టమొదట చూపించాల్సిన కాగితం లీజు. ఇల్లు చేతులు మారినా లీజు రద్దు కాదు. అందులో వేరేగా రాసుకుంటే తప్ప, గడువు తీరేదాకా ప్రతి షరతుకూ కొత్త ఓనరు కట్టుబడాల్సిందే. కంటితో చూడని షరతులకు ఎవరైనా ఎలా కట్టుబడతారు? టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్ కాంట్రాక్టుకు జతచేయడానికి ఇళ్ల లీజుల అడెండమ్ ఒకటి ఉంది, అది పెట్టించండి. దాంతోపాటు ఎస్టాపెల్ సర్టిఫికెట్ కూడా అడగండి. అద్దె ఇంత, డిపాజిట్ ఇంత, ఫలానా నెలదాకా కట్టాను, ఓనరుతో తగాదాలేమీ లేవు అని టెనెంట్ సంతకం పెట్టిచ్చే కాగితమది. ఈ రెండూ ఏ తేదీకి అందాలో ఆఫర్లోనే రాయించండి.

3. ఆప్షన్ పీరియడ్‌లో ఒక్క పూట కూడా వృథా పోనివ్వకండి. కాంట్రాక్టు కుదిరిన మూడు రోజుల్లో ఆప్షన్ ఫీజు, ఎర్నెస్ట్ మనీ టైటిల్ కంపెనీకి చేరాలి. ఆప్షన్ పీరియడ్ గడువులోపు కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. ఆప్షన్ ఫీజు పోతుంది, ఎర్నెస్ట్ మనీ తిరిగొస్తుంది. చివరిరోజు సాయంత్రం 5 గంటలకు గడువు ముగుస్తుంది, ఆదివారమని ఆగదు. అమ్మకందారు ఏజెంట్లందరికీ ఈ లెక్క తెలుసు. ఇతను ఇన్‌స్పెక్షన్‌కు రోజులు దాటేస్తూ పోయి, గడువు దగ్గరపడ్డాక ఒక్క గంట టైమిచ్చాడు. లోపలి బెడ్‌రూములో పాప నిద్రపోతోంది, అది చూడొద్దన్నాడు.

ఆ పాప తల్లే, అంటే ఆ ఇంట్లో అద్దెకున్న ఆవిడే, వచ్చి తలుపు తీసింది. పాప మెలకువగానే ఉంది, మంచం మీద బొమ్మలతో ఆడుకుంటోంది. ఇన్‌స్పెక్టర్ తలుపు వేసి చూపించాడు. తలుపు పైఅంచు ఒకవైపు ఏటవాలుగా చెక్కేసి ఉంది. చెక్కిన చోట రంగు కూడా వేయలేదు, లోపలి కలప తెల్లగా బయటపడింది. ద్వారబంధం ఒరిగితే తలుపు పట్టక అలా చెక్కారు. బయటికెళ్లి చూస్తే అదే గది కిటికీ మూల నుంచి ఇటుకల్లో మెట్లుమెట్లుగా పగులు, అందులో కొత్తగా నింపిన మసాలా. డాలస్ నేల మన నల్లరేగడి జాతిదే. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, దానితోపాటు పునాదీ కదులుతుంది. ఆ ఊళ్లో అది వింతేమీ కాదు, బాగుచేయించుకోవచ్చు. కానీ ఓనరు ఇచ్చిన డిస్‌క్లోజర్ నోటీసులో పునాది గురించి అడిగిన ప్రతిచోటా లేదనే ఉంది. అద్దె ఎంత కడుతున్నారమ్మా అని మా ఆవిడ అడిగింది. 2,050 అందావిడ. ఆ సాయంత్రమే టర్మినేషన్ నోటీసు పంపించాం.

4. ప్రాపర్టీ టాక్సు లెక్క మీరే వేసుకోండి. ఏజెంటు పంపిన లాభనష్టాల పట్టికలో ఓనరు అదే ఇంట్లో కాపురమున్ననాటి టాక్సు వేశాడు. సొంతంగా ఉండే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంటుంది, టాక్సుకు లెక్కగట్టే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకుండా పరిమితీ ఉంటుంది. అద్దెకివ్వడానికి కొన్న మీకు ఆ రెండూ వర్తించవు. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో ఆ ఇంటి పూర్తి విలువ తీసుకుని, అక్కడి టాక్సు రేట్లతో గుణించి చూడండి. నెలనెలా మిగులుతుందనుకున్న డబ్బు మిగలకపోగా, చేతినుంచి పెట్టుకోవాల్సి రావచ్చు.

5. కాలనీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) నిబంధనలు తెప్పించుకుని చదవండి. కొన్ని కాలనీల్లో ఇన్ని ఇళ్లే అద్దెకివ్వాలన్న పరిమితి ఉంటుంది.

6. "ఇంకో రెండు ఆఫర్లున్నాయి, సాయంత్రంలోగా చెప్పండి" అంటే, ఉండొచ్చు, లేకపోవచ్చు. మీ లెక్కకు తగ్గ ధర చెప్పి ఊరుకోండి.

7. అన్యాయం జరిగితే నోరు మూసుకోకండి. మనవాళ్లలో ఇదొక అలవాటు, ఎందుకొచ్చిన గొడవలే అని వదిలేస్తాం, ఆ మనిషి తర్వాతి కుటుంబం దగ్గరా అదే పని చేస్తాడు. టెక్సాస్‌లో సేల్స్ ఏజెంటు ఎవరైనా ఒక బ్రోకరు కింద పనిచేయాల్సిందే, అతని పనికి ఆ బ్రోకరే బాధ్యుడు. మా ఏజెంటు ఈమెయిళ్లన్నీ తేదీలవారీగా పెట్టి ఆ బ్రోకరుకు రాసింది. లిస్టింగులో అద్దె అంకె మారింది. బ్రోకరుకు రాసినా ఫలితం లేకపోతే రియల్ ఎస్టేట్ కమిషన్‌కు ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. అందుకే ముఖ్యమైన మాట ఏదైనా ఫోన్లో తేల్చకండి, ఈమెయిల్లో రాయండి.

8. ఈ వ్యవహారమంతటిలో ఎవరూ పట్టించుకోనిది అద్దెకున్నవాళ్లను. ఇల్లు అమ్ముతున్నారన్న సంగతి ఆవిడకు బోర్డు పాతిన రోజే తెలిసిందట. తన డిపాజిట్ ఎవరి దగ్గరుంటుందని మమ్మల్నడిగింది. చట్టం స్పష్టంగానే ఉంది: ఇల్లు కొన్నరోజు నుంచి డిపాజిట్ తిరిగిచ్చే బాధ్యత కొత్త ఓనరుదే, పాత ఓనరు మీకిచ్చినా ఇవ్వకపోయినా. కాబట్టి క్లోజింగ్ లెక్కలో ఆ సొమ్ము మీకు జమయిందో లేదో చూసుకోండి. ఫలానా మొత్తం నాకు ముట్టింది, ఇక బాధ్యత నాదే అని సంతకం పెట్టిన కాగితం టెనెంట్ చేతికి ఇవ్వండి. ఇంటి తాళాలు తీసుకున్న రోజే ఆ పని చేయండి.