దూరము, ప్రయాణకాలము, గడియారము

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో బిడ్డ అమెరికాలో నున్న ఇండ్లు నేఁడు అనేకములు కలవు. “సోమవారము రాత్రి షికాగోలో విమాన మెక్కుచున్నాను” అని వార్త వచ్చినచో, తలిదండ్రులు శంషాబాదు విమానాశ్రయమునకు ఏ దినమునఁ బోవలెను? లెక్క తప్పినయెడల వారు ఒక దినము వృథాగా కాచుకొని యుందురు. లేదా బిడ్డయే దిక్కులు చూచుచు నిలువవలసి వచ్చును. కావున మూఁడు విషయములను వేఱువేఱుగా నెఱుంగవలెను.

మొదటిది దూరము. గోడపటమును జూచిన, విమానము అరేబియా సముద్రము మీఁదుగా పడమటికే పోవునని తోఁచును. కాని పటము చదునైనది, భూమి గుండ్రనిది. బడిలోని గ్లోబు మీఁద హైదరాబాదునుండి షికాగోకు ఒక దారమును బిగించి చూడుఁడు. అది ఇంచుమించు ఉత్తరముగానే పోయి, 79వ డిగ్రీ ఉత్తర అక్షాంశము వఱకు నెక్కి, అవతలి వైపున దిగును. అదియే మిక్కిలి దగ్గఱి దారి. దాని పొడవు సుమారు 13,280 కిలోమీటర్లు.

రెండవది ప్రయాణకాలము. 2021 జనవరిలో ఎయిరిండియావారు ఈ రెండు నగరముల నడుమ ఎచ్చటను ఆఁగని విమానమును నడపిరి. తరువాత నది నిలిచిపోయినది. గంటకు 830 కిలోమీటర్ల చొప్పున ఆ దూరమునకు 16 గంటలు పట్టును. దుబాయిలో విమానము మాఱినచో దూరము సుమారు 14,190 కిలోమీటర్లగును. పెరిగినది గంటకుఁ గొంచెము మించిన ప్రయాణమే. అయినను, మాఱుచోట వేచియుండు గంటలును గలిసి మొత్తము 22 గంటలు కావచ్చును. కాఁబట్టి కాలమును పెంచునది దూరముకంటె నిరీక్షణమే.

మూఁడవది గడియారము. శీతకాలమున మన గడియారము షికాగో గడియారముకంటె 11½ గంటలు ముందుండును. వేసవిలో అచ్చటివారు తమ గడియారములను ఒక గంట ముందునకుఁ ద్రిప్పుదురు గనుక అప్పుడు భేదము 10½ గంటలే.

ఇఁక లెక్క చేయుదము. శీతకాలమున సోమవారము రాత్రి 9 గంటలకు అచ్చట బయలుదేఱిన, మనకది మంగళవారము ఉదయము 8½ గంటలు. దానికి 22 గంటలు కలిపిన బుధవారము ఉదయము 6½ గంటలగును. అనఁగా మంగళవారము కాదు, బుధవారమునఁ బోవలెను. ఇచ్చటినుండి సోమవారము ఉదయము 10 గంటలకు బయలుదేఱినవారు, అదే 22 గంటలు ప్రయాణించి, షికాగోలో సోమవారము రాత్రి 8½ గంటలకే దిగుదురు. ప్రయాణ మొక్కటే, గడియారములు మాత్రము ఒకప్పుడు 33½ గంటలును, ఒకప్పుడు 10½ గంటలును జూపును.

విద్యార్థులారా, సూత్రమిది: బయలుదేఱు వేళను ముందు మన వేళగా మార్చుకొని, పిదప ప్రయాణపు గంటలను గలుపుఁడు. వేసవిలో బిడ్డ అదే సోమవారము రాత్రి 9 గంటలకు బయలుదేఱినచో ఎప్పుడు దిగునో మీరే కట్టి చూడుఁడు. బుధవారము ఉదయము 5½ గంటలు వచ్చిన మీ లెక్క సరియే. దానిని మీ ఇంటి పెద్దలకును నేర్పుఁడు. మనము చదివిన భూగోళశాస్త్రము ఒక తల్లి నిరీక్షణమును ఒక దినమైనను తగ్గించినచో, ఆ చదువు సార్థకమే గదా!