కలిసి ఊదే విద్య: రికార్డరు బృందం

రికార్డరు అనగానే మనకు టేపు రికార్డరు స్ఫురిస్తుంది. కాని ఐరోపాలో ఈ పేరు గల సుషిర వాద్యం ఒకటి శతాబ్దాలుగా ఉన్నది. పూర్వపు ఇంగ్లీషులో ‘రికార్డు’ అనే క్రియకు పాటను వల్లె వేయడమనే అర్థం ఉండేదని, వాద్యానికి ఆ పేరు అందువల్లనే వచ్చి ఉండవచ్చునని నిఘంటుకారులు భావిస్తారు. దీనిని అభ్యసించే ఔత్సాహిక బృందాల నుండి మన విద్యార్థులు గ్రహింపదగిన విషయాలు కొన్ని కలవు.

మన వేణువును అడ్డంగా పట్టి, రంధ్రపు అంచుపై పెదవులతో ఊపిరిని మలచాలి. నాదం పుట్టించడానికే కొత్తవారికి కొన్నాళ్లు పడుతుంది. రికార్డరును నిలువుగా పట్టుకొంటారు. దాని మొదట బిరడా వంటి దిమ్మ, సన్నని గాలిదారి ఉంటాయి. ఆ దారిన పోయిన ఊపిరి పదునైన అంచుకు తాకి నాదమవుతుంది. జాతరలలో పిల్లలు కొనుక్కొని నిలువుగా ఊదే పీకలోను, పంజాబు, రాజస్థాన్ జానపదుల అల్గోజాలోను ఉన్నది ఈ సూత్రమే. ముందువైపు ఏడు, వెనుక బొటనవేలికి ఒకటి, వెరసి ఎనిమిది రంధ్రాలు.

కనుక తొలిరోజే ధ్వని పలుకుతుంది. చిక్కంతా ఆ తరువాతనే. గట్టిగా ఊదితే శ్రుతి పైకి పోతుంది, మెల్లగా ఊదితే దిగుతుంది. ఒంటరిగా ఊదేవానికి ఈ దోషం తెలియకపోవచ్చు. నలుగురు కలిసి ఒకే స్వరం పట్టినప్పుడు తెలియక తప్పదు. అందుచేత బృందంలో చేరినవాడు ముందుగా నేర్చేది వినడం.

ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ మరణించిన 1547లో తయారైన ఆస్తుల జాబితాలో 76 రికార్డరులు ఉన్నవి. పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో అడ్డపు ఫ్లూటు ప్రాబల్యం వల్ల ఇది మూలపడింది. 1919లో ఆర్నల్డ్ డోల్‌మెచ్ దానిని మరల నిర్మించాడు. 1937లో ఇంగ్లండులో రికార్డరు వాదకుల సంఘం ఏర్పడింది. ఇట్టి బృందాలలో సన్నని గొంతు నుండి మంద్రం వరకు నాలుగు పరిమాణాల వాద్యాలు కలిసి పలుకుతాయి. ఆరితేరినవారి పక్కనే కొత్తవారూ కూర్చుంటారు.

మన ప్రాంతంలో ఊదే విద్య వంశవృత్తిగా నిలిచింది. అది ఎంత ఎత్తుకు ఎదగగలదో తెలుగు ముస్లిం నాదస్వర విద్వాంసులు చాటిచెప్పారు. నేటి ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి ‘సంగీత కళానిధి’ బిరుదు పొందారు. కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది. మరి ఆ కుటుంబాలలో పుట్టని విద్యార్థి బ్రతుకంతా శ్రోతగానే మిగలవలెనా? అంతేకాదు, తాను ఒక్క స్వరాన్ని నిలకడగా పట్టి చూచినవానికే సన్నాయి వాయించేవారి శ్రమ విలువ బోధపడుతుంది. పెండ్లి పందిట్లో వారిని ఒక మూల కూర్చోబెట్టి మరచిపోయే అలవాటు అప్పుడే మారుతుంది.

చేరదలచినవారికి కొన్ని సూచనలు. ఎవరి వాద్యం వారికే ఉండాలి. అది ఆరోగ్యానికి అవసరం. ఊదిన పిదప లోపలి తడిని గుడ్డతో తుడవాలి. పక్కవాని నాదం వినబడనంత బిగ్గరగా ఊదరాదు. దారి తప్పితే ఆగి, తాళం లెక్కించి, తరువాతి చరణంలో కలవాలి. రోజుకు పావుగంట సాధన వారానికొకసారి చేసే రెండు గంటల సాధనకన్న మేలు.

తిరుమలగిరిలో రికార్డరు దొరకకున్నా ఒకే శ్రుతి గల వేణువులు పది చాలు. మౌలానా రూమీ ‘మస్నవీ’ రెల్లు వేణువు వేదనతో ఆరంభమవుతుందని ఉర్దూ విద్యార్థులెరుగుదురు. పోతన భాగవతంలోని వేణువు తెలుగు విద్యార్థులకు పరిచితమే. ఈ ఇరువురినీ ఒక బల్లపై కూర్చోబెట్టి ఒకరి ఊపిరిని ఒకరు వినేటట్లు చేయడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. వారానికొక సాయంత్రం, ఒక గంట, ఒక గది. కళాశాల కమిటీ పెద్దలు ఈ మనవిని ఆలకింతురని ఆశిస్తున్నాను.