అడవి ఏజెన్సీలో అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ: ప్రశ్నలు - జవాబులు

గోదావరికి ఇటూ అటూ పెద్దవాళ్లకు ఏజెన్సీ అంటే అడవి. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల్ని మద్రాసు సర్కారు గవర్నరు ఏజెంటు చేతిలో పెట్టింది. ఆ పేరు అప్పుడు పుట్టింది. భద్రాచలం తాలూకా 1959లో ఖమ్మం జిల్లాలో కలిసేదాకా తూర్పు గోదావరి ఏజెన్సీలో భాగమే. ఇవాళ అవే ఊళ్లలో డిగ్రీ అయిన పిల్లల్ని అడగండి. ఏజెన్సీ అంటే కొలువు పెట్టించే కంపెనీ అంటారు. ఈ నెల ఉత్తరాలన్నీ ఆ రెండో ఏజెన్సీ గురించే వచ్చాయి. రాసినవాళ్ల పేర్లు వేయలేదు. మార్చిలో రెన్యువల్ ఉన్నవాళ్ల భయం నాకు తెలుసు.

ప్రశ్న: గిరిజన పిల్లల హాస్టల్లో వంట చేస్తాను. మూడు నెలలుగా జీతం పడలేదు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే "ఆఫీసు నుంచి బిల్లు రాలేదమ్మా" అంటారు. ఆఫీసుకు పోతే "నువ్వు మా మనిషివి కాదు, ఏజెన్సీని అడుక్కో" అంటారు. కిరాణా కొట్లో అప్పు పెరిగిపోయింది. నేనెవరి మనిషిని సార్? (దుమ్ముగూడెం వైపు నుంచి ఒక అక్క)

జవాబు: అక్కా, జీతం విషయంలో మీరు ఇద్దరి మనిషీ. బిల్లు రావడం, రాకపోవడం ఏజెన్సీకీ ఆఫీసుకూ మధ్య లెక్క. ఆ పంచాయితీ తేలేదాకా మీ పొయ్యి ఆరిపోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ దాటకూడదు. కాంట్రాక్టరు ఇవ్వకపోతే, పని చేయించుకున్న ఆఫీసే ఇచ్చి, ఆ సొమ్మును కాంట్రాక్టరు బిల్లులోంచి కోసుకోవాలి. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఈ ఏర్పాటు ఉండేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌ల్లోనూ ఉంది. "మా మనిషివి కాదు" అన్న అధికారికి ఈ సంగతి తెలియదని నేననుకోను.

నోటిమాటగా అడగడం ఇక ఆపండి. తెల్ల కాగితం మీద ఏ నెల నుంచి ఏ నెల దాకా జీతం రాలేదో, మొత్తం ఎంతో రాయండి. పైన ఏజెన్సీ పేరు, దాని కింద ఆఫీసు పేరు, రెండూ ఉండాలి. ఒక్కరికే రాస్తే రెండోవాళ్లు తప్పించుకుంటారు. ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. వేయం అంటే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. సోమవారం భద్రాచలం ఐటీడీఏలో గిరిజన దర్బార్ ఉంటుంది కదా, అక్కడ కూడా ఒక ప్రతి ఇవ్వండి. కానీ దర్బార్ అర్జీతోనే ఆగిపోవద్దు. దాన్ని తిరిగి అదే ఆఫీసుకు పంపుతారు, అక్కడి నుంచి "పరిశీలిస్తున్నాం" అని జవాబొస్తుంది. కార్మిక శాఖలో క్లెయిమ్ వేయండి. జీతం రావలసిన నాటి నుంచి మూడేళ్ల దాకా వేయొచ్చు. రావలసింది ఇప్పించడంతో పాటు దానికి పదింతల దాకా పరిహారం విధించే అధికారం వేతన కోడ్ ఆ అధికారికి ఇచ్చింది. అంత విధిస్తారని ఆశపడొద్దు. ఆ అంకె కాగితం మీద ఉంటే మాత్రం ఏజెన్సీవాళ్లు ఫోన్ ఎత్తుతారు.

రుజువు ఏది అంటారేమో. హాజరు పట్టీ ఫోటో తీసుకోండి. అది చూపించకపోతే, స్టోర్‌లో బియ్యం, పప్పు తూకం వేసి తెచ్చుకునేటప్పుడు రోజూ రిజిస్టర్‌లో సంతకం పెడతారే, అదే మీ హాజరు. చాలామందికి ఈ సంగతి తట్టదు. వకీలు ఖర్చుకు భయపడకండి. ఆదివాసీలకు, మహిళలకు, కార్మికులకు 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద వకీలును ఉచితంగా పెడతారు. 15100కు ఫోన్ చేసినా, భద్రాచలం కోర్టులోని న్యాయ సేవల కమిటీని అడిగినా చాలు.

ప్రశ్న: ఒక సర్కారు ఆఫీసులో అటెండర్‌ని. జీవోలో నా జీతం 15,600 అని ఉందంటారు. బ్యాంకులో పడేది 11,082. పే స్లిప్ అడిగితే నవ్వుతారు. ఎక్కడ పోతోంది? (కొత్తగూడెం)

జవాబు: తమ్ముడూ, కాగితం, పెన్ను తీసుకో. 2021 జూన్‌లో వచ్చిన 60వ నంబరు జీవో మీ తరగతికి 12,000 ఉన్నదాన్ని 15,600 చేసింది. అందులో నీ వంతు పీఎఫ్ 12 శాతం, అంటే 1,872. ఈఎస్ఐ ముప్పావు శాతం, అంటే 117. వృత్తి పన్ను 150. ఇవన్నీ పోను నీ చేతికి 13,461 రావాలి.

నీకు పడుతున్నది 11,082. తేడా 2,379. ఇప్పుడు యజమాని వంతు లెక్క కట్టు: పీఎఫ్ 12 శాతం 1,872, ఈఎస్ఐ మూడుంపావు శాతం 507. కూడితే 2,379. రూపాయి కూడా తేడా లేదు! అంటే యజమాని కట్టాల్సిన వంతు కూడా నీ జీతంలోంచే కోస్తున్నట్టుంది. యజమాని వంతును కార్మికుడి జీతంలో కోయకూడదని పీఎఫ్, ఈఎస్ఐ నిబంధనల్లో రాసి ఉంది.

కోసింది కోసినట్టు ఖాతాలోనైనా వేస్తున్నారా అన్నది ముందు చూడాలి. ఉమంగ్ యాప్‌లో నీ యూఏఎన్ నంబరుతో పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే నెలనెలా ఎంత పడిందో కనిపిస్తుంది. యజమాని వంతులో కొంత పెన్షన్ ఖాతాకు పోతుంది, ఆ గడి విడిగా ఉంటే కంగారు పడకు. గళ్లే ఖాళీగా ఉంటే పీఎఫ్ ఆఫీసుకు ఫిర్యాదు పెట్టు. ఏజెన్సీ కట్టకపోతే పని చేయించుకున్న ఆఫీసే కట్టాలని 1952 నాటి పీఎఫ్ స్కీములోనే ఉంది. ఆ తర్వాత సమాచార హక్కు కింద మీ ఆఫీసుకు దరఖాస్తు పెట్టు. నీ పోస్టుకు ఏజెన్సీకి నెలకు ఎంత చెల్లించారో, అందులో జీతమెంత, పీఎఫ్, ఈఎస్ఐ ఎంత, కమీషన్ ఎంత అని అడుగు. ముప్పై రోజుల్లో చెప్పాలి. నీ పేరుతో పెట్టడానికి జంకుతున్నావా? బయటి ఊళ్లో ఉన్న మీ బావమరిది పేరుతో పెట్టు. అడిగే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది.

ప్రశ్న: సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టు కార్మికుణ్ణి, ఎనిమిదేళ్లయింది. పర్మినెంట్ వాళ్లకు లాభాల్లో వాటా వస్తుంది, మాకెందుకు లేదు? ఇన్నేళ్లు చేశాం కాబట్టి మమ్మల్ని పర్మినెంట్ చేయాల్సిందేనని ఒకాయన అంటున్నాడు, నిజమేనా? (మణుగూరు)

జవాబు: రెండో దానికి ముందు చెబుతాను, చేదుగానే ఉంటుంది. కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేసినా అందులో పనిచేసేవాళ్లు తమంత తామే పర్మినెంట్ అయిపోరని సుప్రీంకోర్టు 2001లో స్టీల్ అథారిటీ కేసులో చెప్పింది. కాంట్రాక్టరు పేరుకే ఉండి, అసలు పెత్తనమంతా కంపెనీదే అని రుజువు చేస్తే దారి తెరుచుకుంటుంది. అది ట్రిబ్యునల్‌లో తేలాల్సిన విషయం, ఏళ్లు పడుతుంది. "తప్పకుండా అయిపోతుంది" అంటూ చందా వసూలు చేసేవాళ్లను నమ్మకండి.

ఇక లాభాల వాటా. 2024లో సింగరేణి పర్మినెంట్ కార్మికులకు తలా సగటున 1.90 లక్షలు ప్రకటించినప్పుడు, మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకూ 5,000 చొప్పున ఇచ్చారు. మరుసటి ఏడాది అది 5,500 అయింది. 2022 సెప్టెంబర్‌లో మీరు సమ్మె చేయకపోయి ఉంటే ఆ మాత్రమైనా తలచుకునేవారా అని నా అనుమానం. అయితే అది దయతో ఇచ్చింది. హక్కుగా రావలసిన బోనస్ వేరే ఉంది. నెలకు 21,000 లోపు జీతం ఉండి, ఏడాదిలో ముప్పై రోజులు పనిచేసినవాళ్లకు కనీసం 8.33 శాతం బోనస్ ఇవ్వాలి. కనీస వేతనం లెక్కన చూస్తే దాదాపు ఒక నెల జీతం! ఆ లాభాల వాటా చేతిలో పెట్టి దీన్ని మరిపించనివ్వకండి. మీ కాంట్రాక్టరు దగ్గర ఇరవై మంది ఉంటే ఈ బోనస్ అడగండి.

పర్మినెంట్ కార్మికుడు చేసే పనే మీరూ చేస్తుంటే అదే జీతం ఇవ్వాలన్నది 1971 నాటి కేంద్ర నిబంధనల్లో ఉన్న మాట. ఒకే షిఫ్టు, ఒకే యంత్రం, ఒకే బాధ్యత అని చూపించగలగాలి. కంపెనీ ఎప్పుడూ "పని వేరు" అంటుంది. అందుకే షిఫ్టు చీటీలు పారేయకండి. ఫిర్యాదు కొత్తగూడెంలోని రాష్ట్ర కార్మిక శాఖలో ఇచ్చి నెలలు పోగొట్టుకోవద్దు. బొగ్గు గని కాబట్టి కేంద్ర కార్మిక కమిషనర్ విభాగానికి పోవాలి. మీ భవిష్యనిధి కూడా మామూలు పీఎఫ్‌లో కాదు, బొగ్గు గనుల పీఎఫ్‌లో వెతకాలి.

ప్రశ్న: మా ఇల్లు యేటపాకలో, పని భద్రాచలంలో. నాకు ఆంధ్ర రూల్సా, తెలంగాణ రూల్సా?

జవాబు: పనిచేసే చోటి రూల్సే, అంటే తెలంగాణవి. 2014లో భద్రాచలం పట్నాన్ని ఇక్కడ ఉంచి చుట్టుపక్కల ఊళ్లను అటు కలిపినప్పటి నుంచి ఈ తికమక ఉంది. అటువైపు సర్కారు ఆఫీసుల్లో మధ్య ఏజెన్సీలు లేకుండా 2020లో ఆప్కాస్ అని కార్పొరేషన్ పెట్టారు. అది చూసి ఇటువైపు వాళ్లు "మాకూ ఉందేమో" అని రాస్తున్నారు. ఆప్కాస్ ఆంధ్ర ఆఫీసులకే.

ప్రశ్న: ఏప్రిల్‌లో కొత్త ఏజెన్సీ వచ్చింది. పాతవాళ్లను కొనసాగించాలంటే తలా ఇరవై వేలు "డిపాజిట్" కట్టమంటున్నారు. అందరూ కడుతున్నారు. (పాల్వంచ)

జవాబు: అందరూ కడుతున్నారు కాబట్టే అడుగుతున్నారు. రశీదు అడిగి చూడు, ఎవరూ ఇవ్వరు. రశీదు లేని డిపాజిట్‌కు తెలుగులో వేరే మాట ఉంది. ఇప్పటికే కట్టి ఉంటే ఫోన్‌పేలో పంపిన రికార్డు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. కట్టకపోతే ఒంటరిగా కాదు, పదిమంది కలిసి సంతకాలు పెట్టి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో ఇవ్వండి, నంబరు తీసుకోండి. పాత ఏజెన్సీ పోతూ పోతూ మీ ఆఖరి జీతం తేల్చిందా? కొలువు ముగిసిన రెండు పనిదినాల్లో ఇవ్వాలి. కొత్తవాళ్లు కొత్త యూఏఎన్ ఇస్తామంటే ఒప్పుకోకు, పాత నంబరే రాయించు. లేకపోతే ఇన్నాళ్ల పీఎఫ్ రెండు ముక్కలై, పెన్షన్ సర్వీసు లెక్క దగ్గర నువ్వే తిరగాల్సి వస్తుంది.